ఊరి చివర ఎల్‌పీటీ టవర్, పీజ్ టీవీ స్టేషన్: మీ ప్రశ్నకు జవాబు

మీరు మూడు విషయాలు అడిగారు. మీ ఊరి చివర 1980ల్లో కట్టిన టీవీ టవర్ ఉండేది, దాన్ని అందరూ ఎల్‌పీటీ అనేవాళ్ళు, ఈమధ్య మూసేశారు. అక్కడి నుంచి మీ ఊరి కార్యక్రమాలు ఎప్పుడైనా ప్రసారమయ్యాయా? అసలు మన దేశంలో ఇలాంటి చిన్న ట్రాన్స్‌మిటర్‌తో సొంతంగా నడిచిన స్థానిక టీవీ స్టేషన్ ఏదైనా ఉందా? ఆ టవర్ ఇప్పుడు దేనికైనా పనికొస్తుందా? నేను ఈ ట్రాన్స్‌మిటర్ల దగ్గరే ఉద్యోగం చేసి రిటైరయ్యాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మొదటిదానికి జవాబు, లేదు. రెండోదానికి జవాబు, ఉంది, నాకు తెలిసి ఒక్కటే ఒక్కటి. గుజరాత్‌లో ఖేడా జిల్లా పీజ్ అనే పల్లెలో పదేళ్ళు నడిచింది. మన వైపు చాలామందికి దాని పేరు కూడా తెలియదు. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను. ముందు మీ ఊరి టవర్ సంగతి చూద్దాం.

ఎల్‌పీటీ అంటే లో పవర్ ట్రాన్స్‌మిటర్. మామూలుగా 100 వాట్లు. అంటే మీ ఇంట్లో పాతకాలం గుండ్రటి బల్బు ఒకటి ఎంత కరెంటు తీసుకునేదో దాని నుంచి గాలిలోకి వెళ్ళే శక్తి అంతే. హైదరాబాద్ లాంటి పెద్ద కేంద్రాల ట్రాన్స్‌మిటర్ 10 కిలోవాట్లు, దీనికి వంద రెట్లు. ఎల్‌పీటీ ఆవరణలో ఉండేది ఇంతే: ఆకాశం వైపు తిరిగిన పెద్ద డిష్, రెండు గదుల భవనం, 30 మీటర్ల సన్నటి టవర్, ఒక డీజిల్ జనరేటర్. లోపల రెండు ట్రాన్స్‌మిటర్లు, ఒకటి ఆగితే ఇంకొకటి. డిష్‌లో పడిన ఉపగ్రహ సిగ్నల్‌ను రిసీవర్ విప్పుతుంది, ఆ బొమ్మను, ఆ మాటను మీ ఊరికి కేటాయించిన ఛానల్ మీదికి ఎక్కించి టవర్ పైకి పంపడమే మా పని. మైకు లేదు, కెమెరా లేదు, స్టూడియో లేదు. ఉపగ్రహం లింకు పోయినప్పుడు తెర మీద వేసే రంగుల పట్టీలుంటాయి చూడండి, కలర్ బార్లు, మా కేంద్రం సొంతంగా ప్రసారం చేసిన కార్యక్రమం ఏదన్నా ఉందంటే అదొక్కటే అని మేం జోకులేసుకునేవాళ్ళం.

అయినా జనం మమ్మల్నే స్టేషన్ అనుకునేవాళ్ళు. 1987 జనవరిలో ఆదివారం ఉదయం రామాయణం మొదలయ్యాక ఆ గంటలో కరెంటు పోతే మా గేటు ముందుకు మనుషులొచ్చేవాళ్ళు. జనరేటర్ అందుకునే లోపల ఫోను మోగేది. ఢిల్లీలో టేపు ఆగినా మమ్మల్నే అడిగేవాళ్ళు. పొలాల్లో పంటకి తెగులు పడితే టీవీలో చెప్పించండి సార్ అని ఫొటోలు పట్టుకొచ్చిన రైతులున్నారు. ఆ సంగతి హైదరాబాద్‌కి ఉత్తరం రాయాలి బాబూ, ఇక్కడ మా చేతిలో ఏమీ లేదు అంటే నమ్మేవాళ్ళు కాదు. అంత టవరు పెట్టుకుని మాట పంపలేరా అని వాళ్ళ అనుమానం. న్యాయమైన అనుమానమే.

ఈ టవర్లు ఎలా వచ్చాయో చెబితే ఎందుకలా ఉన్నాయో అర్థమవుతుంది. 1982 నవంబర్ 19న ఢిల్లీలో ఆసియా క్రీడలు మొదలయ్యాయి. అంతకు ముందే ఆగస్టు 15న ఢిల్లీ నుంచి దేశమంతటికీ ఒకేసారి వెళ్ళే జాతీయ కార్యక్రమం, దానితోపాటు రంగుల ప్రసారం వచ్చాయి. ఆటలు దేశమంతా చూడాలని హడావుడిగా కొన్ని చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. ఏప్రిల్‌లో ఎగిరిన మన ఉపగ్రహం ఇన్సాట్ 1ఎ సెప్టెంబర్‌కే చచ్చిపోయింది. మళ్ళీ 1983 ఆగస్టు చివర అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ మీద ఇన్సాట్ 1బి వెళ్ళింది, అది బాగా పనిచేసింది. ఇక ఆకాశం నుంచి సిగ్నల్ ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఏ ఊళ్ళోనైనా ఒక డిష్, ఒక 100 వాట్ల పెట్టె పెడితే చాలు. 1984 మధ్యలో ఒక దశలో దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున ప్రారంభించారు. అది ఎన్నికల ఏడాది కూడా. ఆ తొందరలో ఎవరికీ ప్రతి ఊరికీ ఒక కెమెరా ఇద్దామన్న ఆలోచన రాలేదు. రావడానికి డబ్బూ లేదు, మనుషులూ లేరు. ఢిల్లీ మాట అందరికీ చేరాలి, అంతే లక్ష్యం. మొదట్లో మన జిల్లాల్లో ఎల్‌పీటీ పెట్టిన చోట్ల తెలుగు కూడా పెద్దగా వచ్చేది కాదు, హిందీయే. ఉపగ్రహంలో హైదరాబాద్‌కీ చోటు దొరికాక సాయంత్రాలు తెలుగు వార్తలు, తెలుగు సినిమా వచ్చాయి.

ఇక రేంజి గురించి ఒక ముక్క, ఎందుకంటే మా ఊరికి వచ్చేది, పక్క ఊరికి వచ్చేది కాదు అని మీరు రాశారు. టీవీ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. భూమి వంపు అడ్డొస్తుంది. 30 మీటర్ల టవర్ నుంచి ఆ హద్దు సుమారు 22 కిలోమీటర్లు. మీ డాబా మీద 10 మీటర్ల ఇనప పైపుకి యాంటెనా కడితే ఇంకో 13 కిలోమీటర్లు కలుస్తుంది, కానీ అంత దూరంలో 100 వాట్ల సిగ్నల్ పలచబడిపోయి తెరంతా చుక్కలు. మధ్యలో గుట్ట ఉంటే పది కిలోమీటర్లకే ఆగిపోతుంది. పవర్ పెంచినా దూరం అదే లెక్కన పెరగదు. పది రెట్లు పవర్ పెంచితే ఒక చోట సిగ్నల్ బలం మూడు రెట్లకు కాస్త పైన పెరుగుతుంది. టవర్ ఎత్తు పెంచడమే అసలు మందు. అందుకే కొండ దొరికిన చోట కొండ మీదే పెట్టేవాళ్ళు.

ఇప్పుడు పీజ్ దగ్గరికి వద్దాం.

పీజ్ కథకి ముందు సైట్ కథ ఉంది. సైట్ అంటే ఉపగ్రహం ద్వారా పల్లెలకు చదువు చెప్పే టీవీ ప్రయోగం. 1969లో మన అణుశక్తి శాఖ అమెరికా నాసాతో ఒప్పందం చేసుకుంది. వాళ్ళ ఏటీఎస్ 6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది మనకి అరువిస్తారు, దాంతో మనం పల్లెలకు టీవీ పంపుతాం. విక్రమ్ సారాభాయి పట్టుబట్టి చేసిన పని ఇది. ఆయన 1971 డిసెంబర్ 30న పోయారు, చూడలేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సరిగ్గా ఏడాది నడిచింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఈ ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలు. పల్లెకో టీవీ, దాని పక్కన కోళ్ళ గూటికి కట్టే వల లాంటి తీగ వలతో చేసిన 3 మీటర్ల డిష్. మన పెద్దవాళ్ళలో కొందరికి ఇది గుర్తుండే ఉంటుంది: పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. ఉపగ్రహంలో ఒక బొమ్మకు రెండు మాటల దారులుండేవి, అందుకని ఒకే బొమ్మను రెండు భాషల్లో వినిపించే వీలుండేది. తెలుగు కార్యక్రమాలు తయారుచేయడానికి హైదరాబాద్‌లో ఒక నిర్మాణ కేంద్రం పెట్టారు. ఏడాది కాగానే అమెరికా ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకుంది. ఆ లోటు తీర్చడానికి సైట్ పల్లెలున్న ప్రాంతాల్లో నేల మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టారు, అందులో హైదరాబాద్ ఒకటి. మన హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైందంటే దాని వెనక ఉన్నది ఆ సైట్ పల్లెలే.

సైట్‌తో ఇబ్బంది ఏమిటంటే ఆకాశం నుంచి దిగే ఒక్కో కార్యక్రమం ఎన్నో జిల్లాలకు పనికిరావాలి. ఎరువు గురించి చెబితే ఏ నేలకు? కూలి రేటు గురించి చెబితే ఏ జిల్లాకు? అహ్మదాబాద్‌లోని ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ వాళ్ళు సైట్‌తోపాటే ఇంకో ప్రయోగం పెట్టుకున్నారు. అహ్మదాబాద్‌కి దక్షిణంగా, నడియాద్ దగ్గర పీజ్ అనే ఊళ్ళో ఒక 1 కిలోవాట్ ట్రాన్స్‌మిటర్ పెట్టారు. దేశపు టీవీ లెక్కల్లో అది చిన్నదే, చుట్టూ దాదాపు 35 కిలోమీటర్ల దూరం వరకు పల్లెలకు అందేది. ఉపగ్రహ కార్యక్రమాన్ని అందుకుని తిరిగి వెదజల్లడం దాని పని, దానికి తోడు స్థానికంగా గుజరాతీలో తయారుచేసినవి ప్రసారం చేయడం. సైట్ అయిపోయాక ఉపగ్రహం పోయింది, పీజ్ మిగిలింది. అక్కడి నుంచి అది నిజమైన స్థానిక స్టేషన్ అయింది. సుమారు 400 పల్లెల్లో సుమారు 650 సామూహిక టీవీలు పెట్టారు. దీన్నే ఖేడా కమ్యూనికేషన్స్ ప్రాజెక్ట్ అంటారు.

ఖేడాయే ఎందుకు? అహ్మదాబాద్‌కి దగ్గర కాబట్టి స్టూడియో వాళ్ళు పొద్దున వెళ్ళి సాయంత్రానికి రాగలరు. ఇంకో కారణం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. అది పాల జిల్లా. ఆనంద్ అప్పట్లో ఆ జిల్లాలోదే, అమూల్ పుట్టింది అక్కడే. ఊరూరా పాల సొసైటీ ఉంది, దానికి ఒక గది ఉంది, తాళం ఉంది, లెక్క రాసే గుమాస్తా ఉన్నాడు, రోజుకి రెండు పూటలా జనం పాలు పోయడానికి వరసలో నిలబడతారు. టీవీని చాలా పల్లెల్లో ఆ సొసైటీ దగ్గరే పెట్టారు. సైట్ పల్లెల్లో టీవీ పాడైతే దాన్ని బాగుచేయడానికి ఎవరు ఎప్పుడొస్తారన్నదే పెద్ద సమస్య. ఖేడాలో టీవీకి ఒక ఇల్లు దొరికింది, బాధ్యత పడే మనిషి దొరికాడు. అసలు ఈ ప్రాజెక్టులో సగం బలం ట్రాన్స్‌మిటర్‌ది కాదు, పాల సొసైటీది అని నా అభిప్రాయం. సొసైటీలు లేని జిల్లాలో ఇదే యంత్రం పెడితే ఇలాగే నడిచేదా అంటే నాకు అనుమానమే.

కార్యక్రమాలు ఎలా తయారయ్యేవో చూడండి, ఇక్కడే మా ఎల్‌పీటీకీ దానికీ తేడా తెలుస్తుంది. మొదట సామాజిక శాస్త్రం చదువుకున్న పరిశోధకులు పల్లెలకు వెళ్ళి కూర్చునేవాళ్ళు. ఏ విషయం మీద కార్యక్రమం చేయాలనుకుంటున్నారో దాని గురించి జనానికి ఏం తెలుసు, ఏం తెలియదు, ఏ మాట వాడతారు, ఎందుకు చేయరు అని అడిగి రాసుకునేవాళ్ళు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని నిర్మాత స్క్రిప్టు రాయించేవాడు. చేతిలో పట్టుకు తిరిగే చిన్న వీడియో కెమెరాలు అప్పుడే వస్తున్నాయి, స్టూడియో ఇంజినీర్లు వాటిని చిన్నచూపు చూసేవాళ్ళు, బొమ్మ నాణ్యత తక్కువని. పీజ్ వాళ్ళు ఆ అర అంగుళం టేపు కెమెరాలతోనే పల్లెల్లోకి వెళ్ళారు. ఊళ్ళో వాళ్ళే మాట్లాడారు, ఊళ్ళో వాళ్ళే నటించారు. ప్రసారం అయ్యాక మళ్ళీ పరిశోధకులు వెళ్ళి ఏం అర్థమైందో కనుక్కునేవాళ్ళు. మొదట ఒక కథను తీసి కొద్దిమందికి చూపించి, వాళ్ళకి ఎక్కకపోతే మార్చి తీయడం కూడా చేసేవాళ్ళు. ఇప్పుడు పెద్ద సినిమా కంపెనీలు చేసే పని అది, 1970ల్లో ఒక పల్లె స్టేషన్ చేసింది.

విషయాలు కూడా గట్టివే. అంటరానితనం, తాగుడు, కనీస కూలి, కుటుంబ నియంత్రణ, వడ్డీలు. వ్యవసాయం, పశువులు సరే సరి. పల్లె మనిషి కెమెరా ముందు ఒక ఆఫీసు మీద ఫిర్యాదు చెబితే ఆ ఆఫీసరును పిలిచి జవాబు చెప్పించే తరహా కార్యక్రమం కూడా ఉండేది. ఇదంతా ప్రభుత్వ సంస్థే నడిపింది, ప్రభుత్వ డబ్బుతోనే. ఎమర్జెన్సీ రోజుల్లో పుట్టిన స్టేషన్ ఇలాంటివి చేసిందంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. దానికి ఒక కారణం, అది ఇస్రో చేతిలో ఉండటం. అక్కడ యశ్‌పాల్, ఇ.వి. చిట్నిస్, కిరణ్ కార్నిక్ లాంటి ఇస్రో పెద్దలున్నారు. వాళ్ళకి ఇది ఒక ప్రయోగం, ప్రయోగంలో తప్పు జరిగితే రాసుకుని సరిచేసుకోవచ్చు. సమాచార శాఖ కింద ఉండే మామూలు కేంద్రానికి ఆ వెసులుబాటు ఉండదు. పైనుంచి ఫోనొస్తే టెన్షన్.

ఒక సాయంత్రం ఎలా ఉండేదో శిక్షణ రోజుల్లో నాతోపాటు ఉన్న ఒక సీనియర్ చెప్పేవారు. ఆయన పీజ్ టవర్ కింద డ్యూటీ చేసినాయన. సాయంకాలం పాలు పోసేసి ఆడవాళ్ళు ఖాళీ క్యాన్లతో అక్కడే కూర్చుంటారు. గుమాస్తా పాల కొలత పుస్తకం మూసి, చెక్క పెట్టె తాళం తీస్తాడు. టీవీ వేడెక్కి బొమ్మ రావడానికి కాసేపు పడుతుంది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, హరిజనవాడ వాళ్ళు కొంచెం ఎడంగా. తెర మీద అదే అంటరానితనం మీద కథ నడుస్తుంటే ఇక్కడ ఆ ఎడం అలాగే ఉండేదట. ఎవరూ జరిగి చోటివ్వలేదు, ఎవరూ లేచి వెళ్ళిపోలేదు కూడా. కథలో ఊరి పెద్దను నిలదీసినప్పుడు వెనక నుంచి ఒక నవ్వు వినిపించేదట. అంతవరకే. టీవీ వల్ల ఊరు మారిపోయిందని చెప్పేవాళ్ళను నేను నమ్మను, ఏమీ జరగలేదనే వాళ్ళనూ నమ్మను.

1980ల మధ్యలో గ్రామీణ సమాచార రంగానికి యునెస్కో ఇచ్చే బహుమతి ఈ ప్రాజెక్టుకి వచ్చింది. దాదాపు అదే సమయంలో దాన్ని మూసేశారు.

కారణం చాలా మామూలుది. అహ్మదాబాద్‌లో పెద్ద ట్రాన్స్‌మిటర్ వచ్చింది, దాని సిగ్నల్ ఖేడా పల్లెలకూ అందుతుంది. అలాంటప్పుడు పీజ్‌లో ఇంకో ట్రాన్స్‌మిటర్ దండగ అన్నది ఢిల్లీ లెక్క. ఆ రోజుల్లో మద్రాసులో రెండో ఛానల్ పెట్టాలి, దానికి యంత్రం కావాలి. 1985లో పీజ్ ట్రాన్స్‌మిటర్‌ను విప్పి మద్రాసుకి పంపారు. పల్లె జనం అడ్డుపడ్డారు, నిరసనలు చేశారు, పత్రికలు రాశాయి. ఒక టీవీ ట్రాన్స్‌మిటర్‌ను తీసుకెళ్ళొద్దని పల్లె జనం రోడ్డెక్కడం మన దేశంలో ఇంకెక్కడైనా జరిగినట్టు నేను వినలేదు. అయినా తీసుకెళ్ళారు. నగరంలో వినోదం కోసం పల్లె స్టేషన్‌ను ఊడబెరికారని అప్పట్లో చాలామంది తిట్టారు, ఆ తిట్టులో నిజముంది. ఇంజినీరుగా చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. కవరేజి లెక్కలో ఢిల్లీ వాళ్ళు చెప్పింది కూడా తప్పు కాదు, పల్లెలకు సిగ్నల్ ఆగలేదు. ఆగింది వేరే. అహ్మదాబాద్ ప్రసారం చాలా జిల్లాలకు వెళుతుంది, అందులో ఖేడా కోసం కొంతసేపు కేటాయించినా మిగతా జిల్లాల వాళ్ళకి ఖేడా కూలి గొడవ ఎందుకు? మెల్లగా ఆ సమయం తగ్గిపోతుంది, అలాగే తగ్గిపోయింది కూడా. ఇస్రో వాళ్ళు మళ్ళీ 1996లో మధ్యప్రదేశ్ ఝాబువా జిల్లాలో ఉపగ్రహం ద్వారా పల్లెలతో మాట్లాడే ప్రాజెక్టు పెట్టారు, కానీ అది స్టేషన్ కాదు.

ఇదే పనిని అమెరికాలో ఎలా చేశారో చూస్తే మనం ఎక్కడ ఆగిపోయామో తెలుస్తుంది. అక్కడ కూడా కొండల మధ్య ఊళ్ళకి సిగ్నల్ అందక 1950ల నుంచే చిన్న రిలే ట్రాన్స్‌మిటర్లుండేవి, అచ్చం మా ఎల్‌పీటీల్లాగే. 1982లో ప్రసారాలను నియంత్రించే వాళ్ళ ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఒక నియమం తెచ్చింది. ఈ చిన్న ట్రాన్స్‌మిటర్లు కావాలంటే సొంత కార్యక్రమాలు వేసుకోవచ్చు. పెద్ద స్టేషన్లకు అడ్డురాకూడదు, అడ్డొస్తే చిన్నవే తప్పుకోవాలి, అంతే షరతు. యంత్రం అదే, చట్టంలో ఒక వాక్యం మారింది. ఊళ్ళో చర్చిలు, కాలేజీలు, స్పానిష్ మాట్లాడేవాళ్ళు, పాత సినిమాలు వేసి బతికే చిన్న వ్యాపారులు, అందరూ స్టేషన్లు పెట్టారు. చాలా వాటి నాణ్యత అంతంత మాత్రమే అనుకోండి. వాటి అనలాగ్ ప్రసారాలు 2021 జులై 13తో ముగిశాయి, బతికినవి డిజిటల్‌కి మారాయి. మన దగ్గర సరిగ్గా ఆ 1982లోనే చిన్న ట్రాన్స్‌మిటర్లు మొదలయ్యాయి, కానీ ఆ వాక్యం ఎవరూ రాయలేదు. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చాక కూడా నేల మీద టవర్ నుంచి టీవీ ప్రసారం దూరదర్శన్ ఒక్కదాని చేతిలోనే ఉంది.

మరి మన ఊళ్ళ వార్తలు తెర మీద రాలేదా అంటే వచ్చాయి, గాలిలోంచి కాదు, తీగలోంచి. 1990ల మొదట్లో కేబుల్ వాళ్ళు వచ్చారు. విజయవాడ లాంటి చోట్ల మొదలుపెట్టి జిల్లా పట్టణాల దాకా ప్రతి పెద్ద కేబుల్ ఆపరేటర్ ఒక లోకల్ ఛానల్ పెట్టుకున్నాడు. ఒక పెళ్ళిళ్ళ కెమెరా, ఒక కుర్రాడు, ఒక మిక్సర్. మున్సిపాలిటీ మీటింగు, గుడి కల్యాణం, కాలవ పొంగింది, ఫలానా షాపులో ఆషాఢం డిస్కౌంటు. భాష మోటుగా ఉండేది, బొమ్మ వణికేది, కానీ మన వీధి కనిపించేది. ఎల్‌పీటీ చేయగలిగీ చేయని పని అది. 1995లో కేబుల్ చట్టం వచ్చి రిజిస్ట్రేషన్ పెట్టింది, ఆ లోకల్ ఛానళ్ళు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. కాకపోతే పీజ్‌లో ఉన్న పరిశోధన, తిరిగి వెళ్ళి జనాన్ని అడగడం, ఆ అలవాటు వాటికి రాలేదు. ప్రకటన ఇచ్చేవాడి మీద ఫిర్యాదు కార్యక్రమం ఎవరు వేస్తారు?

పీజ్‌కి నిజమైన చుట్టం కావాలంటే టీవీలో వెతక్కండి, రేడియోలో చూడండి. సంగారెడ్డి జిల్లా మాచనూరులో సంఘం రేడియో ఉంది, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలది. 2008 అక్టోబర్ 15న మొదలైంది, నడిపేది దళిత మహిళలు. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, పండగలు, వాళ్ళ పాటలు, వాళ్ళ యాసలో. మన కమ్యూనిటీ రేడియో నియమాల్లో ఒక సరదా విషయం ఉంది. గాలిలోకి పంపే పవర్ మామూలుగా 100 వాట్లు దాటకూడదు, టవర్ 30 మీటర్లు దాటకూడదు, సగం కార్యక్రమాలైనా స్థానికంగా తయారవ్వాలి. 100 వాట్లు, 30 మీటర్లు. మా ఎల్‌పీటీ కొలతలే. సాంకేతికంగా ట్రాన్స్‌మిటర్ పవర్, యాంటెనా నుంచి వెలువడే పవర్ ఒకటి కావు, ఆ తేడా తెలిసిన వాళ్ళు నన్ను పట్టుకోకండి. ఆ మూడో షరతు మా టవర్లకి కూడా పెట్టి ఉంటే మీ మొదటి ప్రశ్న పుట్టేదే కాదు.

చివరికి మీ మూడో ప్రశ్న, ఆ టవర్ సంగతి. దూరదర్శన్ ఒక దశలో 1400కు పైగా ట్రాన్స్‌మిటర్లు నడిపింది. 1990ల్లో కేబుల్, 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్, అదే ఇప్పటి ఫ్రీ డిష్, వచ్చాక యాంటెనాతో చూసేవాళ్ళు కరిగిపోయారు. ఎల్‌పీటీలో ఉద్యోగం చేసేవాళ్ళ ఇళ్ళలో కూడా కేబుల్ ఉండేది, దాచుకోవడానికేముంది. ఆ ఫ్రీక్వెన్సీలను ఖాళీగా అట్టే పెట్టుకోవడం, కరెంటు బిల్లు కట్టడం శుద్ధ దండగ. 2022 మార్చి చివరికి సరిహద్దుల్లాంటి వ్యూహాత్మక ప్రాంతాల్లోని దాదాపు 50 తప్ప అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నీ ఆపేశారు. మీది కూడా ఆ వరసలోనే పోయి ఉంటుంది. మీ ఊళ్ళో దూరదర్శన్ తెలుగు ఛానళ్ళు ఇప్పుడు టీవీలో చూడాలంటే డిష్‌లోనో కేబుల్‌లోనో చూసుకోవాల్సిందే.

ఆ స్థలాలు అన్నీ వదిలేయలేదు. 2023 ఏప్రిల్ 28న దేశంలో ఒకేసారి 91 చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు ప్రారంభించారు, ఒక్కోటి 100 వాట్లు. ఇలాంటి వాటికి కొన్నిచోట్ల పాత టీవీ ఆవరణలనే వాడుతున్నారు, టవర్, గది, కరెంటు కనెక్షన్ సిద్ధంగా ఉన్నాయి కదా. మీ ఊరిది అలా మారిందో లేదో తెలుసుకోవడం తేలిక. ఫోన్‌లోనో బండిలోనో ఎఫ్ఎం పెట్టి, టవర్ కిందికి వెళ్ళి ఆటో స్కాన్ నొక్కండి. ఒక స్టేషన్ మిగతా వాటికన్నా బాగా గట్టిగా, టవర్ నుంచి దూరం వెళ్ళేకొద్దీ తగ్గుతూ వస్తే అది అక్కడిదే. ఆకాశవాణి అని వినిపిస్తే మాత్రం మీ ఊరి కబుర్లు వస్తాయని ఎదురుచూడకండి, అది కూడా రిలేనే. ఏమీ రాకపోతే, టవర్ పైన ఎర్ర దీపం రాత్రిళ్ళు వెలుగుతోందా చూడండి. దీపం ఉందంటే కరెంటు కనెక్షన్ ఇంకా ఉందని అర్థం, ఆ స్థలానికి ఏదో ఒక పని ఆలోచిస్తున్నారని నా అంచనా.